పూత చూసి కరెంటు కొంటే బిల్లు ఎవరు కట్టాలి?

పొడుగు పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. విషయం కరెంటు. ఈసారి కోతల గురించో, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ గురించో రాయట్లేదు. రాబోయే ఐదేళ్ళకో పదేళ్ళకో రాష్ట్రానికి ఎంత కరెంటు కావాలో ముందే అంచనా వేసి, దాన్నిబట్టి ఒప్పందాలు రాస్తారు గదా, ఆ లెక్క గురించి.

"అది పెద్దపెద్ద ఆఫీసర్ల పని, విస్సన్నపేటలో కూర్చుని మనకెందుకు" అనొచ్చు. ఎందుకంటే ఆ లెక్క తప్పితే డబ్బు కట్టేది మనమే. తక్కువ వేస్తే కోత మనకి. ఎక్కువ వేస్తే బిల్లు మనకి. అంచనా వేసినాయన జేబులోంచి పైసా పోదు.

ముందు లెక్క ఎలా కడతారో చూద్దాం. దేశం మొత్తానికి కేంద్ర విద్యుత్ అథారిటీ వాళ్ళు ఐదేళ్ళకోసారి అటూఇటూగా ఒక సర్వే పుస్తకం వేస్తారు. రాష్ట్రంలో డిస్కంలు ఐదేళ్ళ కాలానికి లోడు అంచనా, కొనుగోలు ప్రణాళిక తయారుచేసి ఏపీఈఆర్సీ ముందు పెట్టాలి. ఇప్పుడు నడిచేది ఐదో కాలం, 2024-25 నుంచి 2028-29 దాకా. లెక్క పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి, ఇళ్ళెన్ని, షాపులెన్ని, మోటార్లెన్ని, ఒక్కోటి ఎంత కాలుస్తది అని కింద నుంచి కూడుకుంటూ పోవటం. రెండోది, రాష్ట్ర ఆదాయం ఏడాదికి ఇంత శాతం పెరిగిద్ది, దాంతోపాటు కరెంటు ఇంత శాతం పెరిగిద్ది అని పైనుంచి దింపటం. ఈ రెండో పద్ధతిలోనే ఆశ జొరబడిద్ది. ప్రభుత్వం ఏదైనా సరే, మేమొచ్చాక పెద్దగా పెరగదు అని ఎవరన్నా చెప్తారా?

ఆశ ఎంత దూరం తీసకపోయిద్దో ఒక ఉదాహరణ. 2011 చివర్లో వచ్చిన 18వ సర్వే 2021-22 నాటికి దేశంలో గరిష్ట డిమాండు 2,83,470 మెగావాట్లకి చేరుద్దని రాసింది. దేశం ఏడాదికి 8, 9 శాతం పెరుగుద్దని అందరూ నమ్మిన రోజులవి. 2021-22లో నిజంగా వచ్చింది దాదాపు 2,03,000 మెగావాట్లు. అంటే తేడా 80 వేల మెగావాట్లు. మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను మొత్తం కలిపితే 2,560 మెగావాట్లు. అలాంటివి 31 పెట్టినా ఆ తేడా పూడేటట్టు లేదు.

ఆ ఆశతో ప్రైవేటు వాళ్ళు బొగ్గు ప్లాంట్లు కట్టారు, బ్యాంకులు అప్పులిచ్చాయి. 2018లో పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క తీస్తే కష్టాల్లో పడ్డ బొగ్గు ప్లాంట్లు 34, వాటి సామర్థ్యం దాదాపు 40 వేల మెగావాట్లు. కొన్నిటికి బొగ్గు లేదు, కొన్నిటికి కొనేవాడే లేడు. అంచనాలో తప్పు ఒక్కటే కారణం అనను. కానీ అది మొదటి మెట్టు.

దూరం ఎందుకు, కొండపల్లి చూడండి. కేజీ బేసిన్‌లో గ్యాస్ పడిందని, ఇంక ఆంధ్రాకి కరెంటు కరువు లేదని అనుకున్నాం. 2009లో డీ6 నుంచి గ్యాస్ మొదలై, 2010కల్లా రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్ళి, 2013కల్లా పావు వంతుకి పడిపోయింది. ల్యాంకో వాళ్ళ 742 మెగావాట్ల మూడో దశ ప్లాంటు గ్యాస్ లేక ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడింది. అది డిమాండు అంచనా కాదు, సరఫరా అంచనా. అయినా జాతి ఒకటే: ఇంకా చేతికి రాని పంటని గాదెలో పోసినట్టు లెక్క రాసుకోవటం.

ఇప్పుడు రెండోవైపు. తక్కువ వేస్తే ఏమయిద్ది? 2022 ఏప్రిల్ గుర్తుందా? ఎండలు ముదిరినాయి, బొగ్గు చాలలేదు, ఎక్స్చేంజిలో యూనిట్ రేటు ఎగిరిపోతే కేంద్ర కమిషన్ 12 రూపాయలు దాటకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో ఏప్రిల్ 8 నుంచి రెండు వారాలు పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు. సరిగ్గా మామిడి కాయ దిగే టైము. ఐస్ ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజి, గుజ్జు తీసే యూనిట్లు, వీటిమీద ఆధారపడ్డ వాళ్ళందరికీ ఆ రెండు వారాలు ఏంటో తెలుసు. కాబట్టి "అసలు ఎక్కువ కొనొద్దు" అనే మాట నేను అనను. కరెంటు లేకపోవటం కన్నా ఖరీదైన కరెంటు ఇంకోటి లేదు.

చాలనప్పుడు అప్పటికప్పుడు బయట కొంటారు. అంచనాకీ అసలు ఖర్చుకీ తేడా వచ్చిద్ది. ఆ తేడాని తర్వాత సర్దుబాటు చార్జీ అని బిల్లులో వేస్తారు. 2022-23 తాలూకు 6,072 కోట్లు, 2023-24 తాలూకు 9,412 కోట్లు వసూలుకి 2024 చివర్లో ఏపీఈఆర్సీ అనుమతిచ్చింది. రెండూ కలిపితే 15 వేల కోట్లు దాటింది. మన మోటార్ల వాటా ప్రభుత్వం భరిస్తది, కానీ ఇంటి మీటరు బిల్లు మనదే గదా. ప్రభుత్వం భరించేది కూడా మన పన్నే.

సరే, ఇప్పుడు అసలు పాయింటు. రాష్ట్రం పెరుగుదల రేటుని పట్టుకుని కరెంటు లెక్క కట్టటంలో మూడు చిక్కులు ఉన్నాయి. మూడూ మన పొలంలోనే కనిపిస్తాయి.

మొదటి చిక్కు: రూపాయలు వేరు, యూనిట్లు వేరు. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదల చేశారు. ఏటా 15 శాతం పెరుగుదల, 2047కి 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ అన్నారు. 15 శాతం అంటే ఐదేళ్ళకి రెట్టింపు. మంచిదే, కావాలని అందరం కోరుకుందాం. కానీ ఆ 15 శాతంలో ధరల పెరుగుదల కూడా కలిసి ఉంటది. పోయినేడు టన్ను 20 వేలకి పోయిన కాయ ఈ ఏడు 40 వేలకి పోయిందనుకోండి. కాపు అంతే, చెట్లు అంతే. లెక్కల్లో నా ఆదాయం నూటికి నూరు శాతం పెరిగింది. నా మోటారు మాత్రం ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఆడలేదు. రాష్ట్రం మొత్తానికీ ఇదే న్యాయం. ధరలు తీసేసిన పెరుగుదల ఎంత, అందులో ఫ్యాక్టరీలది ఎంత, బ్యాంకులూ సాఫ్ట్‌వేరుది ఎంత అని విడదీయకుండా 15ని తీసుకెళ్ళి మెగావాట్లలో పెడితే మళ్ళీ 2011 కథే.

పైగా అదే పని తక్కువ కరెంటుతో అయ్యే రోజులొచ్చినాయి. మన ఇళ్ళలో 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టుకున్నాం. వెలుగు తగ్గలా, యూనిట్లు తగ్గినాయి. అదే ఇంట్లో ఏసీ పెట్టించుకుంటే మొత్తం తిరగబడిద్ది. ఆదాయం పెరిగితే కరెంటు పెరిగిద్ది అనేది మొత్తం మీద నిజమే. ఎంత పెరిగిద్ది అనేది మాత్రం ఒకే నిష్పత్తిలో నడవదు.

రెండో చిక్కు: వ్యవసాయంలో లెక్క తలకిందులు. సాగర్ ఎడమ కాలువకి నీళ్ళు బాగా వచ్చి, వానలు పడ్డ ఏడు మోటార్లు తక్కువ ఆడతాయి. పంట బాగుంటది, రాష్ట్ర ఆదాయం పెరిగిద్ది, వ్యవసాయ కరెంటు తగ్గిద్ది. కరువొచ్చిన ఏడు బోర్లో నీళ్ళు దిగిపోయి, ఇచ్చిన గంటలన్నీ మోటారు ఆడినా తడి అందదు. ఆదాయం పడిపోద్ది, కరెంటు పెరిగిద్ది. ఆదాయాన్నిబట్టి కరెంటు అనే సూత్రం ఇక్కడ ఎడ్డెమంటే తెడ్డెం. రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు దాదాపు 20 లక్షలు. ఇది చిన్న ముక్క కాదు.

మూడో చిక్కు అన్నిటికన్నా ముఖ్యం: పంట మారితే కరెంటు మారిద్ది, ఆ సంగతి రాష్ట్ర ఆదాయం లెక్కలో కనపడదు. మన నూజివీడు, విస్సన్నపేట, చాట్రాయి వైపు ఏం జరుగుతుందో అందరం చూస్తూనే ఉన్నాం. బంగినపల్లి, కలెక్టరు, రసాలు ఉన్న తోటలు తీసేసి పామాయిల్ పెడుతున్నారు. ముదురు మామిడి తోటకి కాయ పెరిగేటప్పుడు కొన్ని తడులు, అంతే. పామాయిల్ అలా ఊరుకోదు. ఎకరానికి 57 మొక్కలు, ఎండాకాలంలో మొక్కకి రోజుకి 200 లీటర్ల వరకు అంటారు. అంటే ఎకరానికి రోజుకి 11 వేల లీటర్ల పైమాటే.

5 హెచ్‌పీ మోటారు రోజుకి 9 గంటలు ఆడితే, రేటింగు ప్రకారం సుమారు 33 యూనిట్లు. మామిడికి ఏడాదిలో 60 రోజులు ఆడిందనుకుంటే 2,000 యూనిట్లు. అదే బోరు కింద పామాయిల్ పెట్టి 200 రోజులు ఆడిస్తే 6,700 యూనిట్లు. మూడు రెట్లు పైనే. కనెక్షన్ అదే, సర్వీసు నంబరు అదే, మోటారు అదే. "వ్యవసాయ కనెక్షన్లు ఏడాదికి ఇన్ని శాతం పెరుగుతున్నాయి" అని లెక్క కట్టేవాళ్ళకి ఈ మార్పు కనపడదు. కనపడేది ఎప్పుడంటే, 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అన్ని మోటార్లూ ఒకేసారి రోజూ ఆడి, మార్చి నెలలో ఆయిలు కారి కాలిపోయినప్పుడు. అప్పుడు "ఓవర్‌లోడు" అంటారు. ఆ ఓవర్‌లోడు మూడేళ్ళ ముందే నర్సరీలో కవర్లలో ఉంది!

విచిత్రం ఏంటంటే, ఈ సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉంది. ఏ రైతుకి ఎన్ని పామాయిల్ మొక్కలు సబ్సిడీ మీద ఇచ్చారో ఉద్యానశాఖ దగ్గర ఉంటది. ఏ సర్వే నంబర్లో ఏ పంటో ఈ-క్రాప్‌లో ఎక్కిద్ది. ఈ లెక్కా, కరెంటు లెక్కా ఒక బల్ల మీద పెట్టి చూస్తే, వచ్చే మూడేళ్ళలో ఏ ఫీడరు మీద ఎంత బరువు పడిద్దో ఏ పెద్ద కంప్యూటరూ అక్కర్లేకుండా చెప్పొచ్చు. చింతలపూడి ఎత్తిపోతల పూర్తయ్యి గోదావరి నీళ్ళు ఈ మెట్టకి వస్తే లెక్క మళ్ళీ మారిద్ది. బోర్ల బరువు తగ్గి, ఎత్తిపోతల పంపుల బరువు వేరే చోట పెరిగిద్ది. అదీ కలుపుకోవాల్సిందే.

ఇక్కడ మనకి ఇబ్బందిగా ఉండే మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది. అది మన హక్కుగా చూసుకుంటున్నాం, తప్పులేదు. కానీ మన మోటార్లు ఎంత వాడాయో మీటరు చెప్పదు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకి మీటర్లు పెట్టి, ఆ శాంపిల్‌తో మొత్తం రైతుల వాడకం లెక్క కడతారు. ఆ శాంపిల్ సరిగా లేకపోతే, లైన్లలో పోయేదీ దొంగతనంగా పోయేదీ కూడా మన ఖాతాలో పడొచ్చు. అప్పుడు "రైతులు ఇంత తాగేశారు" అనే పేరు మనకొచ్చిద్ది. ఈరోజు వాడకమే గట్టిగా తెలియనప్పుడు పదేళ్ళ తర్వాత వాడకం ఎలా తెలుస్తది? రైతు మోటారుకి మీటరు అంటే రేపు బిల్లేస్తారని భయం. ఆ భయం నాకూ ఉంది. కానీ ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మీటరు పెట్టి, నెలనెలా ఆ అంకె ఊళ్ళో బోర్డు మీద రాయమంటే మనకి పోయేదేముంది? మన పేరు మీద ఎవరూ దొంగ లెక్క రాయకుండా అదే కాపలా.

ఇంక పెద్ద ప్రకటనల సంగతి. 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ ఖాయం చేసుకున్నారు. ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి అన్నారు. వెయ్యి మెగావాట్లు రోజంతా ఆడితే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. ఎండాకాలంలో మన రాష్ట్రం మొత్తం రోజు వాడకం పాతిక కోట్ల యూనిట్ల చుట్టుపక్కల ఉంటది. అంటే ఒక్క కస్టమరు దాదాపు పదో వంతు. ఇలాంటివి రెండొస్తే అంచనా ఒక రకం, ఒకటీ పూర్తిగా రాకపోతే ఇంకో రకం. ఏ శాతాల సూత్రమూ దీన్ని పట్టుకోలేదు.

అలాగే రావాల్సినవి ఆగిపోవచ్చు కూడా. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేశాడు. రొయ్య ధర పడితే కైకలూరు వైపు రైతు చెరువు ఖాళీ పెడతాడు, ఏరేటర్లు ఆగిపోతాయి. 2014లో రాష్ట్రమే విడిపోయింది, కరెంటు వాటా మనకి 46.11 శాతం, తెలంగాణకి 53.89 శాతం అని పంచారు. అంతకుముందు పదేళ్ళ కోసం వేసిన లెక్కలన్నీ ఆ ఒక్క రోజుతో పాత కాగితాలయ్యాయి. ఎంత చదువుకున్నోళ్ళు వేసినా అంచనా తప్పుద్ది. తప్పినందుకు వాళ్ళని తిట్టక్కర్లేదు. తప్పుద్దని తెలిసీ, తప్పనట్టుగా పాతికేళ్ళ ఒప్పందం రాయటమే తప్పు.

మన దగ్గర మామిడి వ్యాపారస్తుల్ని చూడండి. పూత మీద తోట కొంటారు. చెట్టు నిండా పూత ఉంటది. తేనెమంచు పురుగు పడొచ్చు, మబ్బు పట్టొచ్చు, ఏప్రిల్‌లో గాలివాన వచ్చి పిందె మొత్తం కింద పడొచ్చు. వాళ్ళకి తెలియనిదా? అందుకే పూత మొత్తాన్ని కాయగా లెక్కేసి డబ్బు కట్టరు. కొంత అడ్వాన్సు ఇస్తారు, పిందె నిలిచాక ఇంకొంత, కాయ దిగేటప్పుడు మిగతాది. ఒకే తోట మీద పెట్టుబడంతా పెట్టరు, నాలుగు ఊళ్ళలో పెడతారు. తప్పితే నష్టం సొంతం కాబట్టి జాగ్రత్త దానంతటదే వచ్చిద్ది. రాష్ట్రం కరెంటు కొనేటప్పుడు ఆ జాగ్రత్త ఎందుకు ఉండదంటే, నష్టం సొంతం కాదు. ప్లాంటు ఆగి ఉన్నా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి, అది బిల్లులో కలిసిపోద్ది.

అందుకని నేను అడిగేవి నాలుగు.

ఒకటి. కొత్త అంచనా పెట్టినప్పుడల్లా పక్కనే పాత అంచనా, నిజంగా జరిగింది, రెండూ వేయాలి. రాష్ట్రం మొత్తానికి ఒక అంకె చాలదు, డివిజన్ల వారీగా, ఫీడర్ల వారీగా కావాలి. ఎవరి లెక్క ఎంత తప్పిందో కనపడితే వచ్చే లెక్క దానంతటదే ఒళ్ళు దగ్గర పెట్టుకునిద్ది.

రెండు. ఒకే అంకె కాకుండా తక్కువలో తక్కువ ఇంత, మధ్యస్తంగా ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని మూడు వేయాలి. పాతికేళ్ళ ఒప్పందం తక్కువ అంకె మేరకే రాయాలి. ఆ పైది చిన్న కాలానికి, విడతలవారీగా కొనాలి. ఎండాకాలం సాయంత్రం పూటకి బ్యాటరీలు, పిన్నాపురం లాంటి నీళ్ళు ఎత్తిపోసే స్టోరేజీలు చూసుకోవాలి. ఏడాదికి ఎన్ని యూనిట్లు అనేదానికంటే ఏ గంటకి ఎన్ని అనేది ఇప్పుడు ముఖ్యం. మన మోటార్లకి పగలు 9 గంటలు ఇస్తుంటే సోలారు కరెంటు ఉన్నప్పుడే వాడుతున్నాం. 2021 డిసెంబరులో సెకీతో యూనిట్ 2.49 రూపాయలకి 7,000 మెగావాట్ల ఒప్పందం రాసుకున్నది కూడా ఈ పగటి వ్యవసాయం పేరుతోనే. కొరత వచ్చేది పొద్దుగూకాక, ఇళ్ళలో అన్నీ వేసినప్పుడు.

మూడు. ప్రకటన చేసిన కంపెనీని డిమాండులో కలపొద్దు. కనెక్షన్‌కి డబ్బు కట్టి, వాడినా వాడకపోయినా ఇంత కడతానని సంతకం పెట్టాక కలపండి. వాళ్ళ కోసం వేసిన లైనూ సబ్‌స్టేషనూ వాళ్ళు రాకపోతే మన బిల్లులోకి రాకూడదు.

నాలుగు. వ్యవసాయం లెక్క ఊరి నుంచి మొదలవ్వాలి. ఈ-క్రాప్, ఉద్యానశాఖ మొక్కల లెక్క, ట్రాన్స్‌ఫార్మర్ మీటరు, ఈ మూడూ కలిపి ఏడాదికోసారి మండలంలో రైతుల ముందు చదవాలి. తప్పుంటే అక్కడే చెప్తాం.

"కరెంటు మిగిలి ఉంటేనే పరిశ్రమలొస్తాయి, లెక్క కొంచెం ఎక్కువే వేసుకోవాలి" అని కొంతమంది మిత్రులు వాదిస్తారు. అందులో నిజముంది. మిగులు ఉండాలి. కానీ పదెకరాల తోటకి రెండు లారీలు చాలితే, ఇంకొకటి అవసరానికి పక్కన ఉంచుకుంటాం. ఇరవై లారీలకి పాతికేళ్ళ కిరాయి రాసివ్వం. ఆ మాత్రం తేడా చూడమనే అడిగేది.

చివరిగా ఒక మాట. ఏపీఈఆర్సీ ఏటా చార్జీలు ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ పెట్టిద్ది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, వెళ్ళి మాట్లాడొచ్చు. చార్జీ పెంచొద్దని అందరం అంటాం. ఈసారి దాంతోపాటు "మా ఫీడరు అంచనా ఎంత వేశారు, పోయినసారి ఎంత తప్పింది" అని కూడా రాయండి. మీ ఊళ్ళో గత ఐదేళ్ళలో ఎన్ని ఎకరాల మామిడి పోయి ఏ పంట వచ్చిందో, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయో కింద కామెంట్లలో పెట్టండి. నలుగురం పెడితే అదే ఒక లెక్క అయిద్ది. నేను ఆ కాగితం రాసేటప్పుడు అవన్నీ జతచేసి పంపుతాను.